పటిక, సబ్బు, కాస్త మైనం: పాత నూలు గుడారాన్ని వానకు సిద్ధం చేసుకోవడం

మా గుడారం హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. ఖాకీ రంగు, నలుగురు పడుకునే సైజు, రెండు చివర్లా రెండు గుంజలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం కర్ర. పాత స్కౌటు క్యాంపుల్లో కనిపించే రకం. బేరమాడి 1,400కి తెచ్చుకుని ఆ జులైలోనే అనంతగిరి దగ్గర తెలిసినవాళ్ళ తోటలో వేశాం. రాత్రి పదకొండుకు వాన అందుకుంది. మొదటి అరగంట చుక్క లోపలికి రాలేదు, నేను తెగ మురిసిపోయాను. తరవాత మా బావమరిది నిద్రలో అటు తిరిగి బట్టకు భుజం ఆనించాడు. సరిగ్గా అక్కడినుంచే నీళ్ళు కారడం మొదలై, ఇక తెల్లారేదాకా ఆగలేదు. మూడింటికల్లా అందరం కారులో ముడుచుకు కూర్చున్నాం.

భుజం తగిలిన చోట తప్ప మిగతా బట్టంతా ఆ వానను ఎలా ఆపింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిశాకే నేను ఏం పూయాలో, ఏం పూయకూడదో అర్థమైంది. అందుకే ముందు అది.

బట్ట వానను ఎలా ఆపుతుంది

నూలు దారం తడిస్తే ఉబ్బుతుంది. దగ్గరగా నేసిన కాన్వాసులో పోగులన్నీ ఒకేసారి ఉబ్బితే మధ్య సందులు చాలావరకు పూడుకుపోతాయి. ఇంకా మిగిలిన సన్నసందుల దగ్గర నీటి తలతన్యత పనిచేస్తుంది. అంటే నీరు తనకు తానే ఒక పొరలా బిగుసుకుని అక్కడే నిలబడి, వాలు వెంట కిందికి జారిపోతుంది. లోపలినుంచి వేలో, భుజమో తగిలితే ఆ పొర తెగుతుంది. తెగిన చోట నీటికి లోపలికి దారి దొరుకుతుంది. కొత్త కాన్వాసు గుడారం కొన్నవాళ్ళు దాన్ని వాడకముందే రెండు మూడుసార్లు తడిపి ఆరబెట్టడం కూడా ఇందుకే. పోగులు, కుట్టుదారాలు ఉబ్బి సర్దుకుంటాయి.

కాబట్టి మన పని బట్టకున్న రంధ్రాలు మూసేయడం కాదు. దారానికి నీరు అంటకుండా చేస్తే చాలు, మిగతాది నేతే చూసుకుంటుంది. ఇది మరిచిపోయి కొందరు డాబా మీద కొట్టే వాటర్‌ప్రూఫ్ పెయింటు గుడారానికి కూడా కొట్టేస్తారు. వాన ఆగుతుంది, నిజమే. కానీ లోపల నలుగురు వదిలిన ఊపిరి ఆవిరి బయటికి పోలేక కప్పుకే పట్టి, తెల్లవారుజామున మొహం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. పైగా రెండుసార్లు మడతపెడితే పెయింటు మడత వెంట పెళుసుబారి పగులుతుంది.

ముందు ఆ బట్టకు ప్రాణం ఉందో లేదో చూడండి

మూడు పరీక్షలున్నాయి. పది నిమిషాల పని.

ఒకటి, అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితంలా మండి బూడిదైతే నూలు. ముద్దలా కరిగి గట్టి పూస కడితే పాలిస్టర్ లేదా నైలాన్. నైలాన్ టెంటుకు ఈ వ్యాసంలో చెప్పేదేదీ పనికిరాదు. రెండూ కలిసిన బట్టయితే పని చేస్తుంది, కానీ ఫలితం అంతంతమాత్రం.

రెండు, కప్పు మీద బాగా ఎండ తగిలే చోట బట్టను రెండు బొటనవేళ్ళతో పట్టుకుని అడ్డంగా గట్టిగా లాగండి. పాత గోనెసంచిలా చిరిగిపోతే బట్ట చీకిపోయిందన్నమాట. దానికి ఏ మందూ లేదు. కారుకు కవరుగా వాడుకోండి.

మూడు, మిట్టమధ్యాహ్నం గుడారం వేసి లోపల కూర్చుని పైకి చూడండి. సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు అక్కడక్కడా కనిపిస్తే పరవాలేదు. మడతల వెంట, దూలం కింద వరసగా చుక్కలుంటే అక్కడ బట్ట అరిగింది. అరిగిన చోట దారమే లేదు, ఇక దేనికి పటిక పట్టిస్తాం? అక్కడ మాసిక వేయాల్సిందే. చుక్కల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పెట్టుకోండి, తరవాత వెతుక్కోలేం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

హైదరాబాదులో ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఆ ఎండల్లో, డాబా మీద ఎంత మందం బట్టయినా ఒక్క పూటలో ఎండిపోతుంది. నేను మే మూడో వారంలో మొదలుపెట్టి, మృగశిరకు నాంపల్లిలో చేపమందు క్యూలు కట్టేలోపు ముగిస్తాను. నడుమ ఒకటి రెండు సాయంత్రాలు గాలిదుమారం లేస్తుంది. ఆరేసిన బట్టను నాలుగు మూలలా కట్టి ఉంచకపోతే అది పక్క అపార్ట్‌మెంటులో తేలుతుంది.

ఉతకడం కాదు, కడగడం

ముందు పొడిగా ఉన్నప్పుడే గట్టి బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిపాక దులిపితే దుమ్ము బురదై నేతలోకి దిగుతుంది. తరవాత ఉత్త నీళ్ళతో రెండుసార్లు కడగండి.

డిటర్జెంట్ పౌడర్ వాడొద్దు. డిటర్జెంటు చేసే పనే నీటిని బట్టలోకి చొరబడేలా చేయడం. అది కాస్త మిగిలినా మనం తరవాత చేసేదంతా దండగ. నేను కొన్న గుడారాన్ని అంతకుముందు ఎవరో పౌడరుతో ఉతికారని మొదటి కడుగులో లేచిన నురగ చూస్తేనే తెలిసింది. మీకూ అలా నురగ వస్తే, రావడం ఆగేదాకా కడుగుతూనే ఉండండి. మాకు ఐదుసార్లు పట్టింది.

నల్లటి బూజు మచ్చలుంటే ఒక వంతు తెల్ల వెనిగరు, నాలుగు వంతుల నీళ్ళు కలిపి రాసి, అరగంట ఆగి, రుద్ది, కడిగి ఎండలో వేయండి. మచ్చ పూర్తిగా పోదు, వాసన పోతుంది. అది చాలు. బ్లీచింగ్ జోలికి మాత్రం వెళ్ళకండి. మచ్చతోపాటు దారం బలం కూడా పోతుంది.

మాసికలు

మాసిక గుడ్డ కూడా నూలుదే కావాలి, మందం ఇంచుమించు అంతే ఉండాలి. పాత కిట్‌బ్యాగో, చిరిగిన కాన్వాసు సంచో ఉంటే అంతకంటే మంచిది లేదు. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి వానకే అది కుంచించుకుపోయి చుట్టూ ముడతలు లాగుతుంది.

చిరుగుకు అన్ని వైపులా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, అంచులు లోపలికి మడిచి బయటి వైపునుంచి కుట్టండి. రెండు ముక్కలు కలపాల్సి వస్తే, ఇంటికి పెంకులు కప్పినట్టు, పైముక్క అంచు కిందిముక్క మీదికి రావాలి. తిరగేసి కుడితే నీళ్ళను మనమే సందులోకి పిలిచినట్టు.

దారం నూలుదైతే తడికి ఉబ్బి సూది బెజ్జాన్ని నింపుతుంది. పాలిస్టర్ దారం గట్టిదే, కానీ ఉబ్బదు. మూడు పేటల నూలుదారానికి మైనం పట్టించి దబ్బనంతో కుట్టడం నా పద్ధతి. మూలల్లో తాళ్ళు కట్టే రింగుల దగ్గర బట్ట నాలుగు మడతలుంటుంది. అక్కడ నా చేయి సాగక, పాతబస్తీలో షామియానాలు కుట్టే ఒక చాచా దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన నా కుట్లు చూసి, “ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కుట్టారు సాబ్? సూది దిగిన ప్రతి చోటా ఒక బొక్క పడ్డట్టే కదా” అన్నాడు. ఆయన కుట్టు నాదానికంటే రెండింతలు ఎడంగా ఉంది. ఇప్పటికీ అదే చెక్కు చెదరలేదు, నావి మాత్రం రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

అసలు అవసరమా?

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. కడిగి, మాసికలు వేసి, బిగుతుగా గుడారం వేశాక పైపుతో బాగా తడపండి. పూర్తిగా ఎండనివ్వండి. మళ్ళీ తడపండి. మూడోసారి తడిపేటప్పుడు ఒకరు లోపల కూర్చుని చూడాలి. కడగడంతో డిటర్జెంటు, మురికి పోయి, పోగులు మళ్ళీ సర్దుకుని కొన్ని గుడారాలు ఇక్కడికే దారిలో పడతాయి. అలాంటిదైతే కుట్లకు మైనం రుద్ది వదిలేయండి. కింద చెప్పే పటిక స్నానం దానికి అక్కర్లేదు.

తడిపిన గంటలోపే కప్పు లోపలివైపు చేత్తో తాకకుండానే చెమర్చిందంటే, లేదా చుక్కలు రాలాయంటే, పటిక కొనుక్కోండి.

పటిక స్నానం

కావలసినవి తేలిగ్గా దొరికేవే. పటిక ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది, ఫిట్కరీ అన్నా ఇస్తారు. గుమ్మానికి దిష్టికి కట్టేది, మంగలి షాపులో గెడ్డం గీశాక రుద్దేది ఇదే. ఎక్కువ కావాలంటే బేగంబజారులో కిలోల లెక్కన తక్కువకు వస్తుంది. ఇక సబ్బు. అది అసలైన సబ్బు అయి ఉండాలి, డిటర్జెంటు బార్ కాదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక కవరు మీద టీఎఫ్‌ఎం అనే అంకె చూడండి. అందులో కొవ్వు ఎంత శాతం ఉందో చెప్పేది అదే. 70కి తగ్గకుండా ఉన్న చవక ఒంటిసబ్బు ఏదైనా సరిపోతుంది. డిటర్జెంటు బార్ మీద ఆ అంకే ఉండదు.

ఒక కొలత గుర్తుంచుకుంటే చాలు: లీటరు నీటికి 60 గ్రాములు. సబ్బుకూ అంతే, పటికకూ అంతే. మా గుడారం బట్ట ఎండినప్పుడు నాలుగు కిలోలు తూగింది. దానికి రెండు టబ్బుల్లో పన్నెండేసి లీటర్ల నీళ్ళు, ఒకదాంట్లో ముప్పావు కిలో సబ్బు, ఇంకోదాంట్లో ముప్పావు కిలో పటిక పట్టాయి. టబ్బులు ప్లాస్టిక్‌వే వాడండి. పటిక నీళ్ళకు కొంచెం పులుపు గుణం ఉంటుంది, ఇనుప డ్రమ్ములో పోస్తే తుప్పు మరకలు బట్టకు ఎక్కుతాయి.

ఇప్పుడు నా మొదటి ఏడాది ఘనకార్యం చెప్పాలి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కదా, ఆ రోజు రాలేదు. బోరు పంపు విప్పి టబ్బు నింపేశాను. సబ్బు తురిమి వేడినీళ్ళలో కరిగించి పోస్తే, కలుపుతున్న కొద్దీ నురగ కాకుండా తెల్లటి తరకలు తేలుతున్నాయి. పాలు విరిగినట్టు. ఇంకాస్త సబ్బు వేశాను, ఇంకా విరిగింది. సరేలెమ్మని బట్ట ముంచేశాను. ఎండాక చూస్తే బట్టంతా సున్నం చల్లినట్టు తెల్లటి రవ్వ. చేత్తో దులిపితే రాలిపోయింది. నీళ్ళు పోస్తే ఎప్పటిలాగే పీల్చుకుంది.

జరిగిందేమిటంటే, మన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బులోని కొవ్వును పట్టుకుని నీటిలో కరగని తరకలుగా మారుస్తాయి. తమాషా ఏమిటంటే, మనకు కావలసింది దాదాపు అదే. పటికలోని అల్యూమినియం కూడా సబ్బును నీటిలో కరగని, నీటిని అంటనివ్వని పదార్థంగా మారుస్తుంది. కానీ ఆ మార్పు దారం లోపల జరగాలి. బోరు నీళ్ళు ఆ పనిని టబ్బులోనే కానిచ్చేశాయి. పటిక, సబ్బు రెండూ ఒకే బకెట్టులో కలిపేయకూడదన్నది కూడా ఇందుకే. టైమ్ కలిసొస్తుందని కలిపితే విరుగుడు ముద్ద తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి నల్లాలో వచ్చే మంజీరా నీళ్ళో, కృష్ణా నీళ్ళో ముందురోజే పట్టి పెట్టుకోండి. వాననీళ్ళు దాచుకున్నవాళ్ళు అదృష్టవంతులు. అనుమానముంటే చిన్న సీసాలో నీళ్ళు పోసి, గోరంత సబ్బు వేసి గిలకొట్టండి. నురగ నిలిస్తే పనికొస్తుంది. తరకలు తేలితే వద్దు.

ఇక వరస ఇది.

సబ్బు సన్నగా తురమండి. ఇంట్లో కొబ్బరి తురుముకునే పలక మాత్రం తీసుకోకండి, తరవాత వారం రోజులు పచ్చడి వాసనే మారిపోతుంది, అనుభవం మీద చెబుతున్నాను. తురుమును కొంచెం నీటిలో సన్నసెగ మీద పూర్తిగా కరిగించి, మిగతా వేడినీళ్ళలో కలపండి. చేయి పెడితే చురుక్కుమనేంత వేడి ఉండాలి. చల్లారితే సబ్బు జావలా చిక్కబడి లోపలికి దిగదు. కనుక కట్టెతోనో, రబ్బరు తొడుగులతోనో పని చేయండి.

బట్టను ముందు ఉత్త నీళ్ళలో తడిపి, పిండి, అప్పుడు సబ్బునీళ్ళలో ముంచండి. పొడిబట్ట ముంచితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీల్చుకుంటుంది. ఇరవై నిమిషాలపాటు అటూ ఇటూ తిప్పుతూ, మడతల మధ్య గాలిబుడగలు లేకుండా నొక్కుతూ ఉండండి. మొదటిసారి నేను డాబా మీద ఈ పని చేస్తుంటే మా వాచ్‌మన్ భార్య బట్టలు తీయడానికి పైకొచ్చింది.

“ఏంది సార్, డేరాకు తానం పోస్తున్నరా?”

“అవునమ్మా, సబ్బు అయినంక పటిక.”

“పటిక చూసి దిష్టి తీస్తున్నరేమో అనుకున్న” అని నవ్వి, రెండో కొస తనే పట్టుకుంది. నిజానికి ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తడిసిన బట్ట ఎండినదానికి రెట్టింపు బరువు తూగుతుంది. తోడు మనిషిని ముందే పిలుచుకోండి.

బయటికి తీశాక మెలిపెట్టి పిండొద్దు, నీళ్ళతోపాటు సబ్బంతా పోతుంది. ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని తీగ మీద వేసి, నీళ్ళు వాటంతటవే కారనివ్వండి. ముప్పావు వంతు ఆరాక, అంటే పట్టుకుంటే చల్లగా తగులుతుంది కానీ చేతికి తడి అంటదు, అప్పుడు పటిక టబ్బులో వేయండి. పటిక పూర్తిగా కరిగి ఉండాలి. ఈ నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. బట్ట ముంచగానే నీళ్ళు పాలలా మసకబారతాయి. కంగారు పడకండి, బయట మిగిలిన సబ్బు అది. మూడు గంటలు నాననిచ్చి, గంటకోసారి తిప్పండి.

తీసి, నీడ పట్టున కాదు, ఎండలోనే ఆరబెట్టండి. ఎండాక ఒక్కసారి ఉత్త నీళ్ళతో తొలిచి మళ్ళీ ఆరబెట్టాలి. పటిక పులుపు బట్టలో ఎక్కువ మిగిలిపోతే ఏళ్ళ మీద నూలును బలహీనపరుస్తుంది. బాగా పట్టాలని పటిక రెట్టింపు వేయాలనిపిస్తుంది, వేయకండి. చాలకపోతే అదే కొలతతో స్నానం రెండోసారి చేయించండి.

టబ్బులో పట్టని పెద్ద గుడారమైతే నిలబెట్టే, పెయింటు బ్రష్షుతో ఇవే ద్రావణాలు ఒకదాని తరవాత ఒకటి పట్టించవచ్చు. ముందు సబ్బు, ఆరాక పటిక. ముంచినంత లోతుగా దిగదు కనుక రెండు చేతులు కొట్టాలి.

అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గరిటెడు నీళ్ళు కప్పు మీద పోయండి. తామరాకు మీది బొట్టులా పూసలు కట్టి దొర్లిపోతే పని అయినట్టు. ఒక్కో చోట నల్లగా మచ్చలా పీల్చుకుంటుంటే అక్కడ డిటర్జెంటు మిగిలిందో, సబ్బు దిగలేదో. ఆ మేరకు బ్రష్షుతో మళ్ళీ పట్టించండి.

కుట్లకు మైనం

పటిక స్నానం తరవాత కూడా కారేది కుట్ల దగ్గరే. అక్కడికి తేనెమైనం మంచిది. అది 62, 64 డిగ్రీల దాకా కరగదు. కొవ్వొత్తుల పారఫిన్ అయితే రకాన్ని బట్టి 50 దాటగానే మెత్తబడుతుంది. మన మే ఎండకు గుడారం లోపలి కప్పు ఎంత కాలుతుందో ఒకసారి చేయి పెట్టి చూస్తే, పారఫిన్ పూసిన కుట్లు ఎందుకు జిడ్డు కట్టి దుమ్ము పట్టేస్తాయో అర్థమవుతుంది. తేనెమైనం దొరకకపోతే చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి రుద్దే మైనం ముద్ద అడగండి. అదీ లేకపోతే కొవ్వొత్తి ముక్కలే గతి, తప్పేమీ లేదు, ఏటా మళ్ళీ రుద్దుకోవాలి.

గుడారం బిగించి కట్టి, మధ్యాహ్నం రెండు గంటల వేళ, బట్ట వేడెక్కాక మైనం బిళ్ళను కుట్టు వెంట బయటినుంచి గట్టిగా రుద్దండి. ఎండే దాన్ని లోపలికి దించుతుంది. చలికాలమైతే పాత న్యూస్‌పేపరు పరిచి పైనుంచి ఇస్త్రీపెట్టె మెల్లగా జరపాలి. కింది అంచు, అంటే నేలకు ఆనే ఓ జానెడు బట్ట, బురద చిందినప్పుడల్లా నానుతుంది కాబట్టి దానికీ ఇలాగే రుద్దండి. కప్పంతా మైనం పట్టించడం మాత్రం నాకు ఇష్టం లేదు. బరువెక్కుతుంది, గాలి ఆడదు. మూడో కారణం వీటికంటే పెద్దది.

నిప్పు సంగతి

1944 జులై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో ఒక సర్కస్ డేరా కాలిపోయి 160 మందికి పైగా చనిపోయారు. ఆ డేరాకు వాన ఆగాలని పారఫిన్ మైనాన్ని పెట్రోలులాంటి ద్రావకంలో కరిగించి పూశారు. మైనం పట్టిన నూలు అంటే వత్తే కదా. కొద్ది నిమిషాల్లో డేరా మొత్తం పోయింది.

పాత పద్ధతుల్లో మైనాన్ని టర్పెంటైన్‌లో కరిగించి పూయమని ఇప్పటికీ చెబుతుంటారు. పెయింటు షాపులో దొరికే టర్పెంటైన్ 35 డిగ్రీలు దాటితే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన వేసవిలో పొయ్యి అక్కర్లేదు, నీడలో పెట్టినా ఆ వేడి ఉంటుంది. ఇక దాన్ని గ్యాస్ స్టవ్వు మీద పెట్టి మైనం కరిగించే సాహసం ఎవరూ చేయకూడదు. పెట్రోలు, కిరసనాయిలు మాట అసలు ఎత్తొద్దు. నేను ద్రావకం జోలికే పోకుండా బిళ్ళ రుద్దుతున్నది ఇందుకే.

అవిసె నూనె పూసే పద్ధతి ఇంకొకటి ఉంది. బట్ట బరువెక్కి, నెలల తరబడి జిగురుగా ఉండి, చివరికి మడతల దగ్గర పగులుతుంది. అంతకంటే భయం, ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఎవరైనా వాడితే ఆ గుడ్డలను నీళ్ళ డబ్బాలో వేయాలి, లేదా విప్పి విడివిడిగా ఆరేయాలి. చాలా పాత పద్ధతుల్లో పటికతో సీసం ఉప్పు కలపమని ఉంటుంది. సీసం విషం, ఇంట్లో పిల్లలుంటారు. వదిలేయండి.

పటిక పట్టించినా నూలు నూలే, నిప్పు తగిలితే కాలుతుంది. గుడారం లోపల స్టవ్వు, బొగ్గుల కుంపటి, దోమలచుట్ట ఏవీ వద్దు. కుంపటికి నిప్పు భయమే కాదు, మూసిన గుడారంలో అది వదిలే వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సిలికాన్ గురించి రెండు మాటలు

బాత్రూముల్లో సందులకు కొట్టే సిలికాన్ ట్యూబును మినరల్ టర్పెంటైన్‌లో పలచగా కలిపి పూస్తే వాన ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది ఒకవైపు దారి. ఒకసారి సిలికాన్ పట్టిన బట్ట మీద మైనం, జిగురు, పటిక ఏదీ మళ్ళీ అంటదు. ఆ తరవాత జీవితాంతం సిలికానే. మిగిలిన రెండేళ్ళు ఎలాగో లాగించాలనుకునే గుడారానికైతే సరే.

పరీక్ష

పైపు మొనకు షవర్ తగిలించి, నీళ్ళు పైకి చిమ్మి వానలా పడనివ్వండి. నేరుగా బట్టకేసి కొడితే ఏ బట్టా ఆగదు, ఆగకపోతే మనసు పాడవుతుంది. అరగంట పట్టాలి. మొదటి ఐదు నిమిషాల్లో కుట్ల దగ్గర ఒకటి రెండు చుక్కలు రాలితే తొందరపడకండి, దారం ఉబ్బాక అవే ఆగుతాయి. పదిహేను నిమిషాల తరవాత కూడా కారుతుంటే సుద్దతో గుర్తు పెట్టండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 2020 అక్టోబరు 13 రాత్రి నగరం మీద విరుచుకుపడినలాంటి వానకు ఈ గుడారం నిలుస్తుందని నేను చెప్పను. మామూలు జులై ముసురు రెండు రాత్రులు తట్టుకుంది, ఒక గంట జడివాన తట్టుకుంది.

వానలో వేసేటప్పుడు

కప్పు వాలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దూలం కర్ర మీద జానెడు ఎత్తు పెంచుకున్నాక మా గుడారం పటికతో బాగుపడినంత బాగుపడింది. బట్ట డోలు వాయించేలా బిగుతుగా ఉండాలి, ఎక్కడా గుంట కట్టకూడదు. నీళ్ళు నిలిచిన చోటే మొదట దిగుతుంది.

అయితే తాళ్ళు నూలువో, జనపవో అయితే తడిసినప్పుడు కురచవుతాయి. ఎండలో బిగించిన తాడు వానకు ఇంకా బిగిసి గూటాలు పెరికేస్తుంది, లేకపోతే రింగు దగ్గర బట్ట చింపేస్తుంది. వాన రాబోతుందనగానే ప్రతి తాడూ రెండు వేళ్ళ మేర వదులు చేయండి. అర్ధరాత్రి లేచి వదులు చేయాల్సి వచ్చినా బద్ధకించకండి. తెల్లారి ఎండకు అవే మళ్ళీ సాగుతాయి, అప్పుడు బిగించుకోవచ్చు.

లోపల బట్టకు ఏదీ ఆననివ్వొద్దు. బ్యాగులు, దిండ్లు, బావమరుదులు. మేము ఇప్పుడు పక్కలను అంచుకు అడుగున్నర లోపలికి వేస్తున్నాం, నలుగురి గుడారంలో ముగ్గురమే పడుకుంటున్నాం. పొరపాటున తాకి చుక్క మొదలైతే ఒక చిట్కా ఉంది. ఆ చుక్క దగ్గర వేలు పెట్టి, బట్టను వదలకుండా కింద అంచుదాకా గీత గీసినట్టు లాగండి. నీరు ఆ గీత వెంటే జారి నేలకు పోతుంది, మొహం మీద పడదు.

దాచడం

తడి గుడారాన్ని మడిచి కారులో పడేసి, ఆదివారం అలసిపోయి సోమవారానికి వాయిదా వేస్తే, బుధవారానికల్లా బూజు పడుతుంది. వానాకాలంలో డాబా మీద ఆరకపోతే హాల్లో కుర్చీల మీద పరిచి ఫ్యాను వేయండి. ఇంట్లోవాళ్ళు రెండు రోజులు సణుగుతారు, భరించాలి. కుట్లు, మడతలు, తాళ్ళు కట్టిన చోట్లు చివరికి ఆరతాయి. అక్కడ చెంప ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక ఎక్కించొద్దు. పాత దుప్పటిలో చుట్టి ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టండి. ప్రతిసారీ ఒకే మడత మీద మడవకుండా కాస్త అటూ ఇటూ మార్చండి. ట్రంకుపెట్టె ఎందుకంటే, సబ్బు పట్టిన బట్ట అంటే ఎలుకలకు యమ ఇష్టం. రెండో ఏడాది నేను గోనెసంచిలో పెట్టి, జూన్‌లో తీసి చూసేసరికి కప్పులో అరచేయంత కన్నం, దాని చుట్టూ నీళ్ళు మాత్రం పూసల్లా దొర్లిపోతున్నాయి.